స్వతంత్రం వచ్చాక మన ఆరోగ్యం: ఏఎన్ఎంగా నేను వినే అపోహలు, నా రిజిస్టర్ చెప్పే వాస్తవాలు

ఆగస్టు 15న జెండా ఎగరేసి చాక్లెట్లు పంచాక ప్రతి ఏడాదీ మా సబ్ సెంటర్ అరుగు మీద ఇదే చర్చ, స్వతంత్రం వచ్చి ఏం బావుకున్నాం అని. నేను 27 ఏళ్ళుగా ఏఎన్ఎంని, అంటే పల్లెల్లో కాన్పులూ టీకాలూ చూసుకునే ప్రభుత్వ నర్సుని. డ్యాముల గురించీ ఫ్యాక్టరీల గురించీ నాకు పెద్దగా తెలీదు, కానీ పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ రాసుకునే పని నాది కాబట్టి ఆ సంగతి మాత్రం గట్టిగానే చెప్పగలను.

అపోహ: పాతకాలం వాళ్ళు మందూ మాకూ లేకుండా వందేళ్ళు బతికారు.

వాస్తవం: బతికిన ముసలమ్మ కళ్ళ ముందు కనిపిస్తుంది, పోయిన పసిబిడ్డలు కనిపించరు కదండీ. 1941-51 మధ్య మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళు, ఇప్పుడు 70. అంటే అందరూ 32కే పోయారని కాదు, పసితనంలోనే పోయిన పిల్లలు అంతమంది ఉన్నారు కాబట్టి లెక్క అంత కిందకి దిగిపోయింది. మీ ఊళ్ళో పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య అనే పెద్దవాళ్ళుంటే ఆ పేరు ఎందుకు పెట్టారో ఒకసారి అడిగి చూడండి. వరసగా బిడ్డలు పోతుంటే ఆ తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టో, పుల్లాకులో, అంటే ఎంగిలి విస్తరాకులో, పొర్లించో మళ్ళీ ఎత్తుకుని, వీడు పారేసినవాడు, వీడి జోలికి రాకు అని చావుని బతిమాలుకునేవాళ్ళు. మా ఆయన వాళ్ళ నాయనమ్మ 11 మందిని కంటే మిగిలింది నలుగురు, అందులో ఒకామె పేరు పెంటమ్మ. నా టీకాల రిజిస్టర్లో ఇన్నేళ్ళలో ఒక్క పెంటయ్య పేరు కూడా రాయలేదు నేను. దేశం మొత్తం మీద 1971లో పుట్టిన ప్రతి 1000 మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్ళు, 2020కి అది 28కి దిగింది. నన్నడిగితే మనం సాధించినవాటిలో ఇంతకంటే పెద్దది లేదు.

అపోహ: టీకాలు, మందులు కనిపెట్టారు, రోగాలు వాటంతటవే పోయాయి, ఇందులో మన గొప్పేముంది?

వాస్తవం: మశూచి టీకా మన దేశానికి 1802లోనే వచ్చింది, మశూచి పోయింది మాత్రం 1975లో. మధ్యలో 170 ఏళ్ళు టీకా ఉంది, అమ్మవారు పోసి జనం పోతూనే ఉన్నారు. ఊరూరా ఇల్లిల్లూ తిరిగి కేసు ఎక్కడుందో వెతికి, కేసు చెప్పినవాళ్ళకి డబ్బు బహుమతి కూడా ఇచ్చి, చుట్టుపక్కల అందరికీ టీకా వేస్తే అప్పుడు పోయింది. నారికురుపు అంటే తాగే నీళ్ళతో ఒంట్లోకి చేరి చర్మం చీల్చుకుని బయటికొచ్చే పురుగు జబ్బు, దానికైతే అసలు టీకా లేదు, మందూ లేదు. దిగుడు బావులు మూయించి, నీళ్ళు గుడ్డతో వడకట్టుకోమని చెప్పి చెప్పి, 1996లో రాజస్థాన్‌లో చివరి కేసుతో దాన్ని వదిలించుకున్నాం. పోలియో సంగతి నేను స్వయంగా చూశాను. చుక్కలు వేసి ఎడంచేతి చిటికెన వేలికి మార్కర్ పెట్టి, పిల్లలందరికీ పడితే ఆ ఇంటి గోడ మీద పి అని, ఎవరైనా మిగిలితే ఎక్స్ అని రాసి, ఆ ఎక్స్ ఇళ్ళకి మళ్ళీ మళ్ళీ వెళ్ళేవాళ్ళం, బస్టాండుల్లో ఇటుక బట్టీల్లో కూడా వదల్లేదు. 2011 జనవరిలో బెంగాల్‌లోని హౌరా పాప చివరి కేసు, 2014 మార్చిలో పోలియో లేని దేశమని సర్టిఫికెట్ వచ్చిందని మీటింగులో చెప్తే మాలో ఏడవనివాళ్ళు లేరు.

అపోహ: ఒకసారి తగ్గిన రోగం ఇక రాదు.

వాస్తవం: మలేరియానే చూడండి. స్వతంత్రం వచ్చిన కొత్తల్లో ఏడాదికి 7.5 కోట్ల కేసులు, 8 లక్షల చావులని అంచనా. 1953 నుంచి ఇళ్ళల్లో డీడీటీ అనే దోమల మందు కొడితే 1961కి 50 వేల కేసులకి వచ్చింది. ఇక అయిపోయిందిలే అనుకున్నాం, నిఘా సడలింది, దోమలూ డీడీటీకి అలవాటుపడ్డాయి, 1976కి మళ్ళీ 64 లక్షలు. సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూసింది 1897లో, ఇప్పటికీ పాడేరు, రంపచోడవరం వైపు నాలాంటివాళ్ళు రక్తం స్లైడులు తీస్తూనే ఉన్నారు.

అపోహ: జనాభా అదుపు లేకుండా పెరిగిపోతోంది.

వాస్తవం: ఇది పాత మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు దేశంలో 2.0, తెలంగాణలో 1.8, ఆంధ్రాలో 1.7. అంటే అమ్మానాన్న ఇద్దరి చోటికి ఇద్దరే, మన దగ్గరైతే అంతకంటే తక్కువే.

అపోహ: ఇప్పుడు తిండికి లోటు లేదు, రక్తహీనత పాతకాలం జబ్బు.

వాస్తవం: ఇక్కడే నాకు కడుపు మండేది. అదే సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువ, అంతకుముందు సర్వేలో 53 ఉండేది, అంటే తగ్గకపోగా పెరిగింది. మేమిచ్చే ఐరన్ మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేసే దారి చూపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం, 1945లో. ఆ మాత్ర ఫ్రీగా ఇంటికి తెచ్చిస్తే బిడ్డ నల్లగా పుడతాడని చూరులో దోపేస్తారు. బిడ్డ రంగుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. కొంతమందికి వికారంగా ఉంటుంది, మలం నల్లగా అవుతుంది, అది మామూలే, భయపడక్కర్లేదు. మింగిన వెంటనే టీ తాగితే మాత్రం ఒంటికి పట్టదు, గంటైనా ఆగండి, నిమ్మరసంతో వేసుకుంటే ఇంకా మంచిది. మీ ఇంట్లో ఆడపిల్లకి మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, కళ్ళ కింద రెప్ప తెల్లగా పాలిపోయినా సబ్ సెంటర్‌కి తీసుకురండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే, గర్భిణికైతే 11 కంటే తక్కువుంటే, అది రక్తహీనతే. పరీక్షకి డబ్బులు అక్కర్లేదు.