‘మా సిస్టమ్‌కి వైరస్ రాదు’: ఆ ధీమా వెనక నలభై ఏళ్ల కథ

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంకో ఏడాది పొడిగింపు ఉంది కానీ దానికి విడిగా నమోదు చేసుకోవాలి. దాంతో పాత గొడవ మళ్లీ లేచింది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుంటే వైరస్ గోలే ఉండదని ఒకరు, ఆపిల్ వాళ్ల మ్యాక్ కొనుక్కుంటే పదేళ్లు హాయని ఇంకొకరు, కొత్త కంప్యూటర్ కొని విండోస్ 11కి మారిపొమ్మని మరొకరు. ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఇంట్లో కరెంటు బిల్లు కట్టుకోవడానికో, పిల్లల ప్రాజెక్టు పనికో, ఊళ్లో జిరాక్స్ షాపు నడుపుకోవడానికో కంప్యూటర్ వాడే మనిషికి ఈ వాదనతో ఒరిగేది చాలా తక్కువ. అతని మెషీన్‌లోకి మాల్వేర్, అంటే వైరస్‌లాంటి హాని చేసే ప్రోగ్రాము, వచ్చిందా లేదా అన్నది చాలాసార్లు అతని ఎంపికను బట్టి తేలలేదు. కంపెనీ ఏ సెట్టింగు పెట్టి అమ్మింది, లోపం బయటపడ్డాక ఎన్నాళ్లకు సరిచేసింది, ఆ దిద్దుబాటు అతని దాకా చేరిందా అన్నవాటిని బట్టే తేలింది.

ఇప్పుడు వైరస్‌లంటే విండోసే గుర్తొస్తుంది కానీ, బయట జనాల కంప్యూటర్లలోకి పాకిన తొలి వైరస్‌లలో ఒకటి ఆపిల్ మీద పుట్టింది. 1982లో అమెరికాలో రిచ్ స్క్రెంటా అనే 15 ఏళ్ల కుర్రాడు ఆపిల్ 2 అనే కంప్యూటర్ కోసం ‘ఎల్క్ క్లోనర్’ రాశాడు. అది ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి అంటుకునేది. అలాంటి ఫ్లాపీతో 50వ సారి కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద చిన్న పద్యం కనబడేది. ఐబీఎం పీసీలకు తొలి వైరస్‌గా పేరుపడ్డ ‘బ్రెయిన్’ 1986లో లాహోర్‌లో బాసిత్, అంజద్ అల్వీ అనే అన్నదమ్ముల దగ్గర పుట్టింది. అందులో వాళ్ల పేర్లూ అడ్రసూ ఫోన్ నంబర్లూ కూడా ఉన్నాయి. ఇక 1988 నవంబర్ 2న కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన వార్మ్, అంటే నెట్‌వర్క్‌లో తనంతట తానే పాకే ప్రోగ్రాము, యూనిక్స్ అనే సిస్టమ్ మీద నడిచే యంత్రాలను పడగొట్టింది. మెయిల్ పంపే ప్రోగ్రాములో లోపం, సులువుగా ఊహించగల పాస్‌వర్డ్‌లు దానికి దారి ఇచ్చాయి. అప్పటి ఇంటర్నెట్‌లో సుమారు పదో వంతు దాని బారిన పడిందని అంచనా. అప్పటికి మనం వాడే విండోస్ ఇంకా రూపమే దిద్దుకోలేదు.

మరి ఆ మచ్చ విండోస్‌కే ఎందుకు అంటుకుంది? మెషీన్లు ఎక్కువ కాబట్టి దొంగలూ అటే వెళ్లారని దాని అభిమానులు చెప్పే మాటలో నిజం ఉంది. నిర్మాణమే బలహీనమని లైనక్స్ వాళ్లు చెప్పే మాటలోనూ అంతే నిజం ఉంది. లైనక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ మొదటినుంచీ ఒకే యంత్రాన్ని పదిమంది పంచుకునేందుకు కట్టిన సిస్టమ్. అందుకే ఒకరి ఫైళ్లు ఇంకొకరు ముట్టుకోకుండా, సిస్టమ్ ఫైళ్లను అడ్మిన్ తప్ప ఎవరూ మార్చకుండా గోడలు ముందే ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ పాత సిస్టమ్ డాస్, దాని మీద నిలిచిన విండోస్ 95, 98లు ఒక మనిషి, ఒక బల్ల, ఒక పీసీ అనే లెక్కతో తయారయ్యాయి. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో ఆ గోడలు కట్టారు కానీ, ఇంట్లో వాడే కాపీలో మామూలుగా తెరిచే ప్రతి అకౌంటూ అడ్మినే. కుర్రాడు గేమ్ ఆడుతూ ఏదైనా నొక్కితే అది సిస్టమ్ మొత్తాన్ని మార్చేయగలదు.

ఇలాంటి చిన్న నిర్ణయాల ధర ఎంతో 2000 మే నెలలో తెలిసింది. ఫిలిప్పీన్స్‌లో మొదలైన ‘ఐ లవ్ యూ’ వైరస్ మెయిల్లో వచ్చేది. తోడు వచ్చిన ఫైలు పేరు ‘లవ్-లెటర్-ఫర్-యూ.టీఎక్స్‌టీ.వీబీఎస్’. విండోస్ తనకు తెలిసిన ఫైళ్ల చివరి తోకను దాచేసి చూపించేది కాబట్టి, చాలామంది కంటికి ‘.టీఎక్స్‌టీ’ దగ్గరే పేరు ఆగిపోయింది. ఉత్త అక్షరాల ఫైలే కదా అని తెరిచారు. నిజానికి అది ఒక స్క్రిప్టు, అంటే తెరవగానే నడిచే చిన్న ప్రోగ్రాము. తెరిచిన మరుక్షణం మెయిల్ ప్రోగ్రాము అవుట్‌లుక్‌లోని అడ్రసులన్నిటికీ తనను తాను పంపుకుంది, ఫొటోలను పాడుచేసింది, పాటలను దాచేసింది. అలా తెరిచినవాళ్లను ఆ రోజుల్లో తెలివితక్కువవాళ్లన్నారు. నాకు ఆ మాట ఈనాటికీ అన్యాయంగానే తోస్తుంది. ఫైలు అసలు పేరు దాచింది సిస్టమ్. పంపింది స్నేహితుడి అడ్రసు. అందులో వాడేవాడి తప్పేముంది?

2001లో కోడ్ రెడ్, నిమ్డా అనే వార్మ్‌లు వచ్చి ఆఫీసుల సర్వర్లను అతలాకుతలం చేశాక, 2002 జనవరిలో బిల్ గేట్స్ తన ఉద్యోగులందరికీ ఒక లేఖ రాశారు. కొత్త సదుపాయం ముఖ్యమా, భద్రత ముఖ్యమా అన్న ప్రశ్న వస్తే భద్రతనే ఎంచుకోవాలన్నది దాని సారం. అయినా ఫలితం వెంటనే రాలేదు. 2003 జులైలో మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి దిద్దుబాటు విడుదల చేసింది. నెల తిరక్కుండా ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ అదే లోపం పట్టుకుని ప్రపంచాన్ని చుట్టేసింది. ఎవరూ ఏ ఫైలూ తెరవనక్కర్లేదు. నెట్ కనెక్షన్ ఇస్తే చాలు, నిమిషం గడువు చూపించి సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. ఇలా బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ ఎక్స్‌పీలో అప్పటికే ఉంది. కానీ దాన్ని ఆన్ చేసి పెట్టలేదు! 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 పేరుతో వచ్చిన పెద్ద అప్‌డేట్‌తో అది మొదటినుంచే ఆన్‌లో ఉండేలా మార్చారు. ఈ కథ మొత్తంలో మామూలు జనానికి ఎక్కువ మేలు చేసిన మార్పుల్లో అదొకటని నా అభిప్రాయం. వాడేవాడు ఏమీ నేర్చుకోనక్కర్లేదు, ఏమీ నొక్కనక్కర్లేదు.

ఆ మధ్యలోనే, 2003 సెప్టెంబర్‌లో, డాన్ గీర్ అనే భద్రతా నిపుణుడు మరికొందరితో కలిసి ఒక నివేదిక ఇచ్చాడు. లోకమంతా ఒకే కంపెనీ సిస్టమ్ మీద ఆధారపడితే ఒకే తెగులు అందర్నీ కొడుతుంది, ఊరంతా ఒకే రకం విత్తనం వేసినట్టు అన్నది దాని వాదన. ఆ వెంటనే ఆయన ఉద్యోగం పోయింది. ఆయన పనిచేసిన సంస్థకు మైక్రోసాఫ్ట్ ఒక ఖాతాదారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నిలబెట్టేసినప్పుడు, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అది మాల్వేర్ కాదు. కానీ గీర్ భయపడిన ప్రమాదం ఎలా ఉంటుందో కళ్లకు కట్టింది.

మన దగ్గర కథకు ఇంకో పొర ఉంది. 2000ల్లో తెలుగు నేల మీద ఇళ్లలోకి వచ్చిన పీసీల్లో ఎన్నో అసెంబుల్డ్ సిస్టమ్‌లు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, మానిటర్ విడివిడిగా ధర కట్టి బిగించి ఇచ్చేవాళ్లు. విండోస్‌కి మాత్రం ధర ఉండేది కాదు, బిగించినవాడే తన దగ్గరున్న సీడీతో ఎక్కించేవాడు. 2006 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ నకిలీ కాపీలను పసిగట్టే ప్రోగ్రామును అప్‌డేట్ల ద్వారా పంపడం మొదలుపెట్టింది. తెర మూల హెచ్చరిక, ఆ తర్వాతి రోజుల్లో గంటకోసారి నల్లబడే వాల్‌పేపర్. ఇంట్లో అందరికీ టెన్షన్. దానికి షాపువాళ్లు కనిపెట్టిన మందు ఒకటే: ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆఫ్ చేసెయ్యడం. నకిలీ కాపీలకు కూడా ముఖ్యమైన భద్రతా అప్‌డేట్లు ఆ దారినే అందేవన్న సంగతి ఎవరికీ పట్టలేదు. డబ్బులు పెట్టి కొనలేనివాళ్లు భద్రతకూ దూరమయ్యారు. దొంగ కాపీని నేను సమర్థించడం లేదు. కానీ అప్‌డేటంటే పోలీసు అన్న భయం ఆ రోజుల్లోనే పుట్టింది, చాలా ఇళ్లలో ఇంకా వదల్లేదు.

అలాంటి మెషీన్లకు పెన్ డ్రైవ్ తోడైంది. కాలేజీ ల్యాబ్, నెట్ సెంటర్, ఫొటో స్టూడియో, ఇల్లు, ఇలా తిరిగే పెన్ డ్రైవ్‌లో ‘న్యూ ఫోల్డర్’ అని పసుపు పచ్చ ఫోల్డర్ బొమ్మ ఉండేది. డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరిగినట్టుండదు, లేదా మామూలుగానే ఏదో తెరుచుకున్నట్టు ఉంటుంది. అది ఫోల్డర్ కాదు, ఆ బొమ్మ తగిలించుకున్న ఈఎక్స్‌ఈ ఫైలు, అంటే ఒక ప్రోగ్రాము. ఇక్కడా ‘ఐ లవ్ యూ’ నాటి దాచిన తోకే. కొన్నిటికైతే ఆ క్లిక్ కూడా అక్కర్లేదు. పెన్ డ్రైవ్‌లో, దేన్ని దానంతటదే నడపాలో చెప్పే ఆటోరన్ ఫైలు చదివి, మై కంప్యూటర్‌లో ఆ డ్రైవ్ తెరవగానే విండోసే వైరస్‌ను నడిపించేది. కాసేపటికి టాస్క్ మేనేజర్ తెరుచుకోదు, దాచిన ఫైళ్లు చూపించే సెట్టింగు పనిచేయదు. ఆఖరికి సిస్టమ్ మోసుకెళ్లి ఫార్మాట్ కొట్టించడం, మళ్లీ అదే సీడీ, మళ్లీ అప్‌డేట్లు ఆఫ్. ఎక్స్‌పీలో పెన్ డ్రైవ్ ఆటోరన్‌ను ఆపే దిద్దుబాటును మైక్రోసాఫ్ట్ అందరికీ అప్‌డేట్‌గా పంపింది 2011 ఫిబ్రవరిలో. అప్పటికి ఎక్స్‌పీ వచ్చి తొమ్మిదేళ్లు దాటింది. అప్‌డేట్లు ఆపుకున్న ఇళ్లకు అది అప్పుడూ అందలేదు.

ఆపిల్ ఈ పరిస్థితిని వ్యాపారానికి బాగా వాడుకుంది. 2006 నుంచి 2009 దాకా నడిచిన ప్రకటనల్లో పీసీ వేషం వేసిన మనిషి వైరస్ పట్టి తుమ్ముతూ ఉంటాడు, మ్యాక్ పక్కన నిక్షేపంగా నిలబడి ఉంటాడు. అప్పటికి అది చాలావరకు నిజమే. కానీ ఆ ధీమా కంపెనీకే ఎక్కిందని 2012లో తేలింది. జావా అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపానికి దాని యజమాని ఒరాకిల్ కంపెనీ ఫిబ్రవరిలోనే దిద్దుబాటు ఇచ్చింది. మ్యాక్‌లకు జావా అప్‌డేట్లు ఆపిల్ చేతుల మీదుగానే అందేవి, అది ఇచ్చేసరికి ఏప్రిల్ వచ్చింది. ఆ ఏడు వారాల సందులో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ సుమారు 6 లక్షల మ్యాక్‌లలోకి దూరింది. దీన్ని బయటపెట్టింది రష్యాకు చెందిన యాంటీవైరస్ కంపెనీ డాక్టర్ వెబ్. ఆ ఏడాదే ఆపిల్ తన సైటులో పీసీ వైరస్‌లు సోకవన్న వాక్యం తీసేసింది. ఈమధ్య మ్యాక్‌ల నుంచి పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లే ఆటమిక్ స్టీలర్ లాంటివి టెలిగ్రామ్‌లో నెల అద్దెకు అమ్ముడయ్యాయి.

లైనక్స్ సంగతి కొంచెం వేరు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చేందుకు పడ్డ శ్రమ, కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి దానిమీదే పాఠాలు చెప్పడం నాకు గౌరవం కలిగించే విషయాలు. ఇంటి కంప్యూటర్‌లో లైనక్స్ వాడితే మాల్వేర్ బెడద చాలా తక్కువన్నదీ నిజం. ప్రోగ్రాములను ఎక్కడపడితే అక్కడ దించుకోకుండా ఒకే నమ్మకమైన భండారం నుంచి తెచ్చుకునే అలవాటు దానికి పెద్ద కారణం. కానీ అదే లైనక్స్ చవక సీసీ కెమెరాల్లో, వాటి వీడియో దాచే డీవీఆర్‌లలో, రూటర్లలో ఎవరూ మార్చని ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో కూర్చున్నప్పుడు 2016లో మిరాయ్ అనే మాల్వేర్ వాటిని వేలకు వేలుగా ఆక్రమించింది. తమ గుమ్మం మీది కెమెరాలో లైనక్స్ ఉందని ఆ ఇంటివాళ్లకు తెలిసే అవకాశమే లేదు.

2017 మే 12న వనక్రై అనే మాల్వేర్ విండోస్ లోపం ఒకటి పట్టుకుని వచ్చినప్పుడు ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగిన ఆ తెర ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలోనూ, తిరుమల తిరుపతి దేవస్థానం కంప్యూటర్లలోనూ కనబడింది. ఆ లోపానికి దిద్దుబాటు మార్చి 14నే వచ్చింది. ఎక్స్‌పీ వల్లే ఇదంతా అని అప్పట్లో చాలామంది అన్నారు కానీ, దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 మెషీన్లు. అంటే అప్పటికి ఇంకా అప్‌డేట్లు అందుతున్న సిస్టమ్. రెండు నెలలుగా ఎవరూ వేయలేదు, అంతే. పాతదీ కొత్తదీ అన్న తేడా కంటే, ఆ పని ఎవరి బాధ్యతో తేల్చకపోవడమే అక్కడ ముంచింది.

ఇప్పుడు మన ఊళ్లలో చాలామందికి కంప్యూటర్ అంటే ఫోనే, అదీ ఆండ్రాయిడ్. లోపల ఉన్నది లైనక్స్ కెర్నెలే, అంటే ఆ సిస్టమ్ గుండెకాయే. మోసం మాత్రం ‘ఐ లవ్ యూ’ నాటిదే. వాట్సాప్‌లో తెలిసినవాళ్ల నంబర్ నుంచి పెళ్లి శుభలేఖ అనో, బండికి చలానా పడిందనో, పీఎం కిసాన్ డబ్బులనో ఒక ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైలు, వస్తుంది. తెరిస్తే తెలియని యాప్‌లకు అనుమతి ఇవ్వమంటుంది, ఆపైన ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి. అది చేతికిస్తే బ్యాంకు ఓటీపీలు అవతలివాడికి చేరిపోతాయి, అదే శుభలేఖ మన నంబర్ నుంచి మన చుట్టాలందరికీ వెళ్తుంది. చవక ఫోన్లలో చాలావాటికి కొన్నేళ్లకే అప్‌డేట్లు ఆగిపోవడం దీనికి తోడు.

2025 ఆగస్టులో గూగుల్ కొత్త నిబంధన ప్రకటించింది. ప్లే స్టోర్ బయట నుంచి వేసుకునే యాప్‌లైనా సరే, తయారుచేసినవాళ్లు తామెవరో రుజువు చేసుకుంటేనే ఆండ్రాయిడ్ వాటిని ఇన్‌స్టాల్ కానిస్తుంది. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరిస్తామని చెప్పింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు, ఫోను మనది, తాళం గూగుల్‌దా అని. అనుభవం ఉన్నవాళ్లకు వేరే దారి ఉంచుతామని గూగుల్ తర్వాత కొంత సర్దుకుంది. వ్యతిరేకించేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది, ఒక కంపెనీ చేతికి అంత అధికారం వెళ్లడం మంచిది కాదు. అయినా శుభలేఖ తెరిచి పింఛను డబ్బులు పోగొట్టుకున్న పెద్దాయన వైపు నుంచి చూస్తే ఇలాంటి తనిఖీ ఏదో ఒక రూపంలో ఎప్పుడో రావాల్సింది. దాన్ని ఎవరి చేతుల్లో పెట్టాలన్నదే ఇంకా తేలలేదు.