రీపరు చెక్క, ఒక తీగ, 10 లక్షల ఓమ్‌లు

ఒంటి తీగ వాద్యం చేద్దామని చెక్కకు తీగ బిగించి, పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో ఉండే గుండ్రటి ఇత్తడి బిళ్ళను దానికి అంటించి, వైరును నేరుగా ల్యాప్‌టాప్ మైక్ సాకెట్లో పెడితే వినిపించేది దాదాపు ఎప్పుడూ ఒకటే: రేకు డబ్బాను గోరుతో గీకిన చప్పుడు. తప్పు చెక్కదనుకుని చాలామంది మంచి చెక్క కోసం తిరుగుతారు. అసలు లోపం బిళ్ళను గుచ్చిన చోట ఉంది. దాని లెక్క చెప్పుకునే ముందు తీగ సంగతి చూద్దాం.

75 సెంటీమీటర్ల పొడవున్న రీపరు చాలు. 2 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం. ఒక చివర స్క్రూ, రెండో చివర తీగను తిప్పి బిగించే గిటార్ కీ. సంగీత వాద్యాల దుకాణంలో విడిగా ఒక్క కీ కూడా అమ్ముతారు. తీగ చెక్కకు తగలకుండా ఒకవైపు లావు బోల్టు, మరోవైపు గట్టి చెక్క ముక్కను బ్రిడ్జిగా పెట్టండి. రెండింటి మధ్య దూరం సరిగ్గా 60 సెంటీమీటర్లు. అమెరికా దక్షిణాది పల్లెల్లో ఇంటి గోడకే తీగను మేకులతో కొట్టి, కింద సీసా దూర్చి వాయించే డిడ్లీ బో ఇదే జాతి వాద్యం.

తీగ మాత్రం గిటార్‌దే కొనండి, 0.25 మిల్లీమీటర్లది. ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు ఇంట్లోనే ఉంది కదా అనిపిస్తుంది, కానీ అది పనికిరాదు. 60 సెంటీమీటర్ల స్టీలు తీగ 220 హెర్ట్జ్ పలకాలంటే, అంటే సెకనుకు 220 సార్లు కంపించాలంటే, దాని మీద చదరపు మిల్లీమీటరుకు దాదాపు 550 న్యూటన్ల ఒత్తిడి పడాలి. తమాషా ఏమిటంటే ఈ అంకెకు తీగ మందంతో పనిలేదు. మందం పెరిగితే బరువూ పెరుగుతుంది, లాగాల్సిన బలమూ అదే లెక్కన పెరుగుతుంది. బైండింగ్ వైరు వంచడానికి వీలుగా కాల్చి మెత్తబరచిన ఇనుము. అంత ఒత్తిడి రాకముందే సాగడం మొదలుపెడుతుంది. ఎంత బిగించినా శ్రుతి జారుతూనే ఉంటుంది. గిటార్ తీగకు ఆ బాధ లేదు, 0.25 మిల్లీమీటర్ల తీగను 2.7 కిలోల బరువు వేలాడదీసినంత బలంతో లాగితే 220 పలుకుతుంది.

ఇక బిళ్ళ. మొదట చెప్పిన ఇత్తడి బిళ్ళే పీజో, కంపనాన్ని కరెంటుగా మారుస్తుంది. 27 మిల్లీమీటర్లది విద్యుత్ పరంగా ఒక కెపాసిటర్, అంటే విద్యుత్తును కాస్త నిల్వ చేసుకునే భాగం, సుమారు 20 నానోఫారడ్‌లు. దాన్ని ఏ సాకెట్‌కు తగిలిస్తే ఆ సాకెట్ నిరోధంతో కలిసి అది ఒక జల్లెడ అవుతుంది, కింది స్వరాలను ఆపేస్తుంది. మైక్ సాకెట్ నిరోధం 2 కిలోఓమ్‌లైతే 4,000 హెర్ట్జ్ కింద ఉన్నదంతా బలహీనపడుతుంది. అంటే మన 220 ఆ గీత కింద ఎక్కడో ఉంది. రేకు డబ్బా చప్పుడుకు కారణం ఇదే. లైన్ ఇన్‌పుట్, 10 కిలోఓమ్‌లు: గీత 800 దగ్గర. 10 లక్షల ఓమ్‌లు, అంటే 1 మెగాఓమ్ పెడితే గీత 8 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. అదే చెక్క, అదే తీగ, కానీ ఇప్పుడు గొంతులో బరువు వస్తుంది. గిటార్ నేరుగా గుచ్చుకునే ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ మీ దగ్గరుంటే ఆ ఇన్‌పుట్ మామూలుగా 1 మెగాఓమ్‌దే. మధ్యలో ఏ సర్క్యూటూ అక్కర్లేదు.

లేకపోతే 9 వోల్టుల బ్యాటరీ, రెండు ఆంప్లిఫయర్లున్న టీఎల్072 చిప్పు. 8వ కాలుకు ప్లస్, 4వ కాలుకు మైనస్. రెండు 100 కిలోఓమ్ రెసిస్టర్లను ప్లస్సుకూ మైనస్సుకూ మధ్య వరసగా పెడితే వాటి నడుమ 4.5 వోల్టులు దొరుకుతాయి. అక్కడి నుంచి మైనస్‌కు ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. అదే చోటి నుంచి 1 మెగాఓమ్ ద్వారా 3వ కాలుకు. పీజో ఎర్ర వైరు 0.1 మైక్రోఫారడ్, ఆపై 10 కిలోఓమ్‌ల మీదుగా అదే 3వ కాలుకు వస్తుంది, నల్ల వైరు మైనస్‌కు. 2, 1 కాళ్ళు కలపండి. ధ్వని 1వ కాలు నుంచి ఇంకో 10 మైక్రోఫారడ్ మీదుగా బయటికి. చిప్పులో రెండో సగాన్ని ఊరికే వదిలేస్తే రొద పెడుతుంది. 5వ కాలును 4.5 వోల్టులకు, 6ను 7కు కలిపేయండి. బ్యాటరీ 7 వోల్టుల కిందికి జారాక గొంతు బొంగురుపోతుంది. కనెక్షన్లు తప్పాయేమోనని వెతికే ముందు బ్యాటరీ మార్చి చూడండి.

బిళ్ళను బ్రిడ్జి కాలి కిందే నొక్కిపెడితే శబ్దం ఎక్కువ, కానీ పైనున్న తెల్లటి పింగాణీ పొర పగులుతుంది. బ్రిడ్జికి సరిగ్గా కింద, చెక్క వెనకవైపు ఫెవిక్విక్‌తో పల్చగా అంటించడం మేలు. గ్లూగన్ జిగురు మెత్తన; పై స్వరాలను మింగేస్తుంది. ఆ పింగాణీ మీద సోల్డరింగ్ ఐరన్ ఒక్క సెకను మించి ఆనిస్తే వెండి పూత ఊడి వచ్చేస్తుంది. 50 హెర్ట్జ్ కరెంటు గుర్రు వినిపిస్తే తీగను మైనస్‌కు కలపండి, బిళ్ళ మీద టేపు వేసి ఆ పైన అల్యూమినియం రేకు చుట్టి దాన్నీ కలపండి. ల్యాప్‌టాప్ చార్జరు పీకి చూడండి, సగం గొడవ అక్కడే ఉంటుంది. ఫోన్లో రికార్డు చేసేవాళ్ళకు ఇంకో చిక్కు: నిలకడగా మోగే స్వరాన్ని నేపథ్య రొద అనుకుని ఫోనే తుడిచేస్తుంది.

ఇక్కడి నుంచి ఎలక్ట్రానిక్స్ పని. ఎకోలూ రివర్బులూ అందరూ వేస్తారు. అంతకంటే రుచికరమైనది కంప్యూటర్లో రెండో తీగ కట్టడం. కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ 1983లో ప్రచురించిన పద్ధతిలో తీగ అంటే ఒక ఆలస్యం మాత్రమే. వచ్చిన ధ్వనిని 4.545 మిల్లీసెకన్లు ఆపి, కొద్దిగా తగ్గించి, మళ్ళీ అందులోనే పోస్తే 220 హెర్ట్జ్ స్వరం మోగుతుంది. వాళ్ళు దాన్ని ఒక చిటికెడు రొదతో మీటారు. మనం అసలు తీగతో మీటుతాం. ఉచితంగా దొరికే ప్యూర్ డేటా అనే ధ్వని ప్రోగ్రాంలో దీనికి డెల్‌రైట్, డెల్‌రీడ్4 అనే రెండు డబ్బాలు కావాలి. తిరిగి పోసే వాటా 0.98 అయితే స్వరం ఒకటిన్నర సెకనులో ఆరిపోతుంది, 0.995 అయితే ఆరు సెకన్లకు పైగా నిలుస్తుంది. 1 దాటితే అరుపే. ముందు ధ్వని హద్దు దాటకుండా ఆపే ఒక క్లిప్ డబ్బా పెట్టి, హెడ్‌ఫోన్లు తీసేసి ప్రయత్నించండి. ప్యూర్ డేటా ధ్వనిని 64 నమూనాల (శాంపిళ్ళ) కట్టలుగా నడుపుతుంది కాబట్టి, సెకనుకు 48,000 నమూనాల వేగంలో ఇలా తిరిగి పోసే తీగ 750 హెర్ట్జ్ దాటి పలకదు. పైకి ఎందుకు పోవడం లేదని జుట్టు పీక్కునేది ఇక్కడే. కట్ట చిన్నది చేస్తే హద్దు పెరుగుతుంది.

చెక్క మీది తీగను 222కు బిగించి మీటండి. మొదట్లో ధ్వని సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. కీని ఇంచుక వదులు చేస్తే ఊపు నెమ్మదిస్తుంది, కాసేపటికి ఆగుతుంది. ఇప్పుడు మీటితే స్వరం వెంటనే తగ్గకుండా ముందు పెరుగుతుంది. మీటడం మానేసి, రాళం (వయొలిన్ కమానుకు రాసేది) రాసిన నైలాన్ దారంతో తీగను నెమ్మదిగా రాయండి. రాపిడిలోని గరగరలో 220కీ దాని గుణిజాలకూ దగ్గరగా ఉన్నవి మాత్రమే లోపలి తీగలో నిలబడతాయి, మిగతావి రాలిపోతాయి. తెల్లారేసరికి వాన పట్టి చెక్క ఉబ్బి శ్రుతి మారితే కీ జోలికి వెళ్ళక్కర్లేదు. డెల్‌రీడ్4లో మిల్లీసెకన్ల అంకె మార్చితే సరి.