రిజిస్ట్రేషన్ డబ్బులు పక్కన పెట్టుకున్నారా?

ఒరే పిల్లలూ,

మొన్న పండక్కి వచ్చినప్పుడు మీరు ముగ్గురూ వసారాలో కూర్చుని ఇళ్ల గురించి మాట్లాడుకుంటుంటే విన్నా. చిన్నోడు మద్రాసులో స్థలం కొంటానంటాడు, పాప బెంగళూరులో ఫ్లాటు అంటుంది, పెద్దోడిది హైదరాబాదు. ధర, ఈఎంఐ, కప్‌బోర్డులతో సహా లెక్క వేశారు గానీ రిజిస్ట్రేషన్ ఖర్చు మాట ఒక్కరూ ఎత్తలేదు.

నేనూ అట్లా చేసినోణ్ణే. కావలిలో ఈ ఇల్లు కొన్నప్పుడు ఎవరో చెప్పారని దస్తావేజులో ధర తగ్గించి రాయించా. ఆఫీసులో గుమాస్తా ప్రభుత్వ విలువల పుస్తకం తిరగేసి, మా వీధి పేరు మీద వేలు పెట్టి, ఈ రేటు ప్రకారం కట్టాలన్నాడు. జేబులో అంత లేదు. వేలిముద్ర వేసినోళ్లంతా సిరా తుడిచిపోయిన గోడ ఒకటుంది అక్కడ, మధ్యాహ్నం దాకా ఆ మరకలే చూస్తూ నిలబడ్డా. చివరికి మీ నాయనమ్మ గొలుసు కుదవకి పోయింది, సాయంత్రం నా వేలు కూడా అదే గోడకి తుడిచా.

ఇప్పుడు మీ లెక్కకి వద్దాం. స్టాంపుల చట్టం 1899 నాటిది, చాలా రాష్ట్రాలకి అదే, కర్ణాటక లాంటి కొన్నిటికి మాత్రం సొంత చట్టాలున్నాయి. కానీ అమ్మకం దస్తావేజు మీద ఎంత శాతం తీసుకోవాలనేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. ఆస్తి ఎక్కడుంటే అక్కడి రేటే, మీ ఆధార్ నెల్లూరుదైనా సరే. మన దగ్గర స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. ఆ ఒకటిన్నర పంచాయతీకో మునిసిపాలిటీకో పోతుంది. తెలంగాణలో 2021 జులై దాకా 6 శాతమే ఉండేది, ఇప్పుడు అక్కడా ఏడున్నరే. కాబట్టి పెద్దోడా, అరవై లక్షల ఇంటికి నువ్వు నెల్లూరులో కొన్నా హైదరాబాదులో కొన్నా నాలుగున్నర లక్షలు పక్కన పెట్టుకోవాల్సిందే. బ్యాంకు వాళ్లు మామూలుగా దీనికి లోను ఇవ్వరు, చేతిలోంచే తీయాలి.

పాపా, మీ దగ్గర స్టాంపు డ్యూటీ 5 శాతమే అంటారు గానీ దాని మీద సెస్సు, సర్‌చార్జి కలిపితే 5.6 అవుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం కాస్తా 2 అయింది. ఆ ఒక్క మార్పుతోనే అరవై లక్షల ఫ్లాటుకి అరవై వేలు ఎక్కువ.  

అసలు తమాషా చిన్నోడిది. తమిళనాడులో స్థలానికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 9 శాతం, అంతకు ముందు 11 ఉండేది, తగ్గింది కదా తాతయ్యా అంటావు. ఏం తగ్గిందిరా? 2017లో గైడ్‌లైన్ విలువ, అంటే ప్రభుత్వం స్థలానికి రాసుకున్న విలువ, మూడో వంతు కోసి, రిజిస్ట్రేషన్ ఫీజు 1 నుంచి 4 శాతం చేశారు. 2023లో ఫీజు 2కి దించి, విలువని మళ్లీ పాత మట్టానికి ఎత్తారు. ముప్పై లక్షల విలువున్న స్థలం ఇరవై అయినప్పుడు 11 శాతం అంటే రెండు లక్షల ఇరవై వేలు. తిరిగి ముప్పై అయ్యాక 9 శాతం అంటే రెండు లక్షల డెబ్బై వేలు. శాతం తగ్గింది, కట్టేది పెరిగింది. అందుకే ఎక్కడైనా ముందు అడగాల్సింది దేని మీద శాతం అని. నువ్వు ఇచ్చే ధర, ప్రభుత్వం రాసుకున్న విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీదే కట్టించుకుంటారు. నాలాగా తక్కువ రాయించుకుందామని చూడకు.

ఇంకోటి, అక్కడ గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి ముప్పై మూడు అంకణాలకి కొంచెం పైన. నీకు అర గ్రౌండు చాలదూ?

ఆ స్థలం ఉన్న వీధి పేరు, సర్వే నంబరు వాట్సాప్‌లో పెట్టు. అడ్వాన్సు మాత్రం అప్పుడే ఇవ్వబాక, గైడ్‌లైన్ విలువ ఎంతుందో నేను చూసి చెప్తా.

మీ తాతయ్య