సబ్సిడీతో ఫ్యాక్టరీ పచ్చబడుతుందా? అపోహలు - వాస్తవాలు

చిన్న పరిశ్రమలకు ప్రాజెక్ట్ రిపోర్టులు, సబ్సిడీ ఫైళ్లు తయారుచేయడం నా పని. యజమానుల నోట తరచూ వినే మాటలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: ప్రభుత్వం డబ్బిచ్చి వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు కట్టిస్తే కాలుష్యం గొడవ తీరినట్టే.

వాస్తవం: కట్టడంతో పని సగమే అవుతుంది. చిన్న యూనిట్లు కలిసి వాడుకునే ఉమ్మడి శుద్ధి ప్లాంట్లకు కేంద్రం 1991లోనే పథకం తెచ్చింది. అప్పట్లో కేంద్రం 25 శాతం, రాష్ట్రం 25 శాతం ఇచ్చేవి. 2012లో కేంద్రం వాటా 50 శాతానికి పెరిగింది, పరిశ్రమల వాటా 25కు తగ్గింది. ఇదంతా నిర్మాణానికే. గాలి ఊదే బ్లోయర్ల కరెంటు, రసాయనాలు, బురద తరలింపు నెలనెలా యూనిట్లే భరించాలి.

పటాన్‌చెరు సంగతే చూడండి. ఉమ్మడి ప్లాంటు ఉన్నా వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. శుద్ధిచేసిన నీటిని అంబర్‌పేటలోని మురుగునీటి శుద్ధి కేంద్రానికి పంపడానికి 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేయాల్సి వచ్చింది. మందుల తయారీ వ్యర్థజలాల్లో కరిగిన లవణాలు ఎక్కువ. బ్యాక్టీరియాతో నడిచే ప్లాంటుకు వాటిని తీసే శక్తి లేదు, ఎంత సబ్సిడీ పోసినా.

ఫైల్లో ప్లాంటు ఫొటో పెడితే చాలనుకుంటారు. నేనైతే ఈటీపీకి (ఫ్యాక్టరీ వ్యర్థజలాల శుద్ధి ప్లాంటుకు) విడిగా బిగించిన కరెంటు మీటరు చూస్తాను. రీడింగ్ కదలకపోతే, లాగ్‌బుక్ ఎంత ముద్దుగా రాసినా ప్లాంటు ఆగి ఉన్నట్టే.

అపోహ: కరెంటు రాయితీ కూడా పర్యావరణానికి మేలే.

వాస్తవం: తెలంగాణ 2014 నాటి టీ-ఐడియా పారిశ్రామిక ప్రోత్సాహక విధానం చిన్న పరిశ్రమలకు కరెంటు యూనిట్‌కు రూపాయి చొప్పున 5 ఏళ్లు తిరిగిచ్చేలా పెట్టింది. నిలదొక్కుకోవడానికి అది సాయమే, కాదనను. కానీ ఎక్కువ కాల్చినవాడికే ఎక్కువ ముడుతుంది. రీవైండింగ్ చేసిన (తీగ మళ్లీ చుట్టిన) 10 హెచ్‌పీ మోటారు తీసి, తక్కువ కరెంటుతో నడిచే ఐఈ3 తరగతి మోటారు పెడితే, ఏడాదికి 6,000 గంటల నడకలో సుమారు 3,000 యూనిట్లు మిగలొచ్చు. ఆ మిగులుకు ఈ లెక్కలో బహుమతి లేదు, పైగా 3,000 రూపాయల రాయితీ పోతుంది. పొదుపు యంత్రాల అప్పు మీద వడ్డీ రాయితీ ఇవ్వడం నా దృష్టిలో అంతకంటే తెలివైన పద్ధతి.

అపోహ: జెడ్ సర్టిఫికెట్ (లోపాలు, కాలుష్యం లేని తయారీకి కేంద్రం ఇచ్చే గుర్తింపు) తీసుకుంటే యంత్రాలకు డబ్బొస్తుంది.

వాస్తవం: 2022 పథకం ప్రధానంగా తగ్గించేది సర్టిఫికేషన్ ఫీజునే. సూక్ష్మ పరిశ్రమలకు 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహాకు 50.

అపోహ: వచ్చే సబ్సిడీని కలుపుకుని పెట్టుబడి లెక్క వేసుకోవచ్చు.

వాస్తవం: వద్దండీ. చాలావరకు మనం ఖర్చుపెట్టాకే తిరిగిస్తారు. మంజూరు పత్రం వచ్చినా డబ్బు ఖాతాలో పడేదాకా నమ్మకం లేదు. చేతిలో డబ్బు ఆడనప్పుడు మొదట కోతపడేది ఈటీపీ రసాయనాలకే. నేను క్యాష్ ఫ్లోలో సబ్సిడీ గడిలో సున్నా వేస్తాను. అప్పుడు కూడా బ్యాంకు కిస్తీ కట్టగలిగితేనే ఫైలు కదుపుతాను.