గాలికి విగ్గు ఊడిపోతుందన్న భయం: అపోహలు - వాస్తవాలు

తలకు కొలతలు తీసి విగ్గులు అమర్చడం నా వృత్తి. మొదటిసారి విగ్గు పెట్టుకున్నవారు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, సంతోషించి, ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది: "గాలి వీస్తే ఊడిపోదు కదండీ?" ఆ ప్రశ్న వెనుక ఎంత భయం ఉంటుందో నాకు తెలుసు. ఆ భయంతోనే కిటికీ పక్కన కూర్చోవడం మానుకున్నవారిని, సముద్రపు ఒడ్డుకు వెళ్లడం వదులుకున్నవారిని, సాయంత్రపు నడకకు కూడా దూరమైనవారిని చూశాను. వారిలో చాలామంది విగ్గులో ఏ లోపమూ ఉండదు. ఎవరో చెప్పిన మాట నమ్మి దాన్ని సరిగా పెట్టుకోకపోవడమే అసలు ఇబ్బంది. నాకు తరచుగా వినిపించే అలాంటి మాటలు కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: గాలి విగ్గును పైనుంచి ఎత్తుకుపోతుంది.

వాస్తవం: గాలి అంచు కిందినుంచి దూరుతుంది. విగ్గు అంచు చర్మానికి ఆనుకుని ఉన్నంతవరకు మామూలు గాలి వెంట్రుకలను చెదరగొట్టగలదే తప్ప విగ్గును లేపలేదు. అంచు ఎక్కడైనా లేచి ఉంటే మాత్రం ఆ సందులోంచి లోపలికి వెళ్లిన గాలి వెంట్రుకలు కుట్టి ఉన్న టోపీ భాగాన్ని పైకి నెడుతుంది. ఆ సందు సాధారణంగా మూడు చోట్ల ఏర్పడుతుంది: మెడ వెనుక అంచు, చెవుల ముందు నాలుకలా కిందికి దిగే రెండు చిన్న ముక్కలు, నుదుటి అంచు. ఎక్కువ ఇబ్బంది మెడ వెనుకనే వస్తుంది, ఎందుకంటే అద్దంలో మనకు కనిపించని అంచు అదే. గడ్డం ఛాతీకి దగ్గరయ్యేలా తల వంచి, చూపుడువేలిని మెడ దగ్గర అంచు కిందికి పోనిచ్చి చూడండి. వేలు కాస్త బిగుతుగా వెళితే అమరిక బాగున్నట్టు. రెండు వేళ్లు ఏ అడ్డూ లేకుండా వెళితే గాలికి తలుపు తీసి పెట్టినట్టే. ఇక చెవుల ముందుండే ముక్కల్లో చాలా విగ్గులకు సన్నని లోహపు పుల్ల కుట్టి ఉంటుంది. దాన్ని వేలితో నొక్కి కణత వంపుకు తగ్గట్టు లోపలికి వంచుకోవాలి. ఆ పుల్ల ఉందన్న సంగతే తెలియకుండా ఏళ్ల తరబడి విగ్గు వాడుతున్నవారు నా దగ్గరికి వచ్చారు.

అపోహ: ఎంత బిగిస్తే అంత గట్టిగా నిలుస్తుంది.

వాస్తవం: నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసే నమ్మకం ఇదే. తల వెనుక, మెడకు కాస్త పైన, ఎముక ఉబ్బెత్తుగా ఉంటుంది. దాని కింద తల సన్నబడి మెడలో కలుస్తుంది. విగ్గు వెనుక అంచు ఆ ఉబ్బు దాటి కిందికి దిగి, మెడ మీద జుట్టు మొదలయ్యే చోట కూర్చుంటే ఆ ఉబ్బే దాన్ని పట్టి ఉంచుతుంది. అవసరానికి మించి బిగిస్తే అంచు ఆ ఉబ్బు మీదికి ఎక్కి, అక్కడినుంచి కొద్దికొద్దిగా పైకి జారుతుంది. ఒకసారి ఒకావిడ నుదుటి మీద ఎర్రని గీతతో, సాయంత్రానికల్లా తలనొప్పి వస్తోందన్న ఫిర్యాదుతో వచ్చారు. విగ్గు లోపల చుట్టును బిగించే హుక్కులు చివరి మెట్టు వరకు బిగించి ఉన్నాయి, అయినా బయటికి వెళ్లిన ప్రతిసారీ విగ్గు వెనక్కి జారుతోందట. హుక్కులను రెండు మెట్లు వదులు చేయగానే వెనుక అంచు దానంతట అదే మెడ మీదికి దిగి కూర్చుంది. తల గట్టిగా ఊపి చూడమన్నాను; ఊపారు, విగ్గు కదలలేదు. ఆవిడ మరోసారి, ఇంకా గట్టిగా ఊపి చూసుకున్నారు.

ముందు అంచు విషయంలోనూ చాలామంది పొరబడతారు. భద్రంగా ఉంటుందని నుదుటి మీదికి బాగా కిందికి లాగుతారు, దాంతో వెనుక భాగం పొట్టిదై లేస్తుంది. కనుబొమల నుంచి సుమారు నాలుగు వేళ్ల ఎత్తు, అంటే సహజంగా జుట్టు మొదలయ్యే గీత, ముందు అంచుకు సరైన స్థానం.

బిగింపుతో సరిచేయగలిగిన తేడాకూ ఒక హద్దు ఉంది. సగటు సైజు విగ్గు సాధారణంగా 21.5 నుంచి 22.5 అంగుళాల చుట్టుకొలత గల తలకు సరిపోతుంది. లోపలి హుక్కులు లేదా పట్టీలు మహా అయితే అర అంగుళం తేడాను సర్దగలవు. అంతకంటే చిన్న తలకు పెద్ద విగ్గును బలవంతంగా బిగిస్తే మెడ దగ్గర బట్ట ముడతలు పడి, ఒక్కో ముడత ఒక్కో సందు అవుతుంది. అప్పుడు చేయవలసింది చిన్న సైజు తీసుకోవడమో, కుట్టు వేయించి లోపలి చుట్టు తగ్గించుకోవడమో మాత్రమే. ఇది కీమోథెరపీ తీసుకుంటున్నవారు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. చికిత్స మొదలైన రెండు మూడు వారాలకు సాధారణంగా జుట్టు రాలడం మొదలవుతుంది కాబట్టి, ముందుగానే జుట్టు మీద కొలత తీసి కొన్న విగ్గు ఆ తర్వాత వదులవుతుంది. రాలడం పూర్తయ్యాక తప్పనిసరిగా మళ్లీ కొలత తీయించుకోవాలి.

అపోహ: జిగురు పెట్టకపోతే గాలికి ఆగదు.

వాస్తవం: కొలత కుదిరిన విగ్గుకు రోజువారీ గాలిలో జిగురు అక్కర్లేదు. నేను మొదట సూచించేది విగ్గు కింద కట్టుకునే మఖమల్ పట్టీని. దాని నూగు ఒకవైపు చర్మాన్ని, మరోవైపు విగ్గు లోపలి బట్టను పట్టుకుంటుంది కాబట్టి నొక్కకుండానే జారుడు ఆగుతుంది. జుట్టు లేని తల మీద నునుపైన నైలాన్ లోపలి టోపీ వేసుకుంటే జారుడు పెరుగుతుంది. నూలు లేదా వెదురు నార బట్ట మేలు.

గాలి బాగా వీచే చోట ఎక్కువసేపు ఉండవలసి వస్తే కణతల దగ్గర, మెడ వెనుక చిన్న చిన్న డబుల్ సైడెడ్ టేపు ముక్కలు అంటించుకుంటే చాలు. ముందు అంచున లేస్, అంటే సన్నని వల బట్ట, ఉన్న విగ్గులకు జిగురు వాడతారు, నిజమే. అయితే చర్మం మీద నూనె, క్రీము, చెమట ఏ మాత్రం ఉన్నా ఆ పట్టు సడలుతుంది. జిగురును మొదట చేతి లోపలివైపు కాస్త రాసుకుని కనీసం 24 గంటలు చూడాలి. తీసేటప్పుడు తగిన ద్రవంతో నానబెట్టి వదిలించాలి, పీకకూడదు. చికిత్సలో ఉన్నవారి మాడు చర్మం సున్నితంగా ఉంటుంది కనుక వారు వైద్యుణ్ణి అడగకుండా జిగురు, టేపు వాడవద్దని నా గట్టి అభిప్రాయం. తల మీద వెంట్రుక ఏ మాత్రం లేనివారికి అచ్చు తీసి చేసే సిలికాన్ విగ్గులు కూడా ఉన్నాయి. అవి లోపలి గాలి బయటికి పోయి తలకు అతుక్కుంటాయి, అందుకే వాటికి జిగురు అవసరం ఉండదు.

అపోహ: క్లిప్పులు కుట్టించుకుంటే ఇక దిగులే లేదు.

వాస్తవం: సొంత జుట్టు బలంగా ఉన్నవారికి ఇది మంచి మార్గమే. కానీ రోజూ ఒకేచోట క్లిప్పు లాగుతూ ఉంటే ఆ చోట కుదుళ్లు బలహీనపడి జుట్టు రాలుతుంది. పేనుకొరుకుడుతో మచ్చలు మచ్చలుగా జుట్టు రాలుతున్నవారు ఆ మచ్చల అంచున క్లిప్పు పెట్టనే కూడదు. క్లిప్పుల చోటు వారానికొకసారైనా మార్చడం మంచిది.

అపోహ: హెయిర్ స్ప్రే కొడితే కదలదు.

వాస్తవం: స్ప్రే వెంట్రుకలను పట్టి ఉంచుతుందే గాని విగ్గును కాదు. గట్టిపడిన జుట్టు తెరచాపలా ఒక్క ముక్కగా గాలికి ఎదురు నిలుస్తుంది.

అపోహ: బరువుగా, ఒత్తుగా ఉన్న విగ్గు గాలికి నిలుస్తుంది.

వాస్తవం: పొడవు, ఒత్తు పెరిగేకొద్దీ గాలికి తగిలే భాగం కూడా పెరుగుతుంది. గాలి వేగం రెట్టింపయితే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన లెక్క: గంటకు 20 కిలోమీటర్ల గాలిలో నిశ్చింతగా ఉన్న విగ్గు మీద 60 కిలోమీటర్ల గాలిలో తొమ్మిది రెట్ల ఒత్తిడి పడుతుంది. అందువల్ల గాలి రోజుల్లో భుజాలు దాటని, పలుచని విగ్గును ఎంచుకోవాలి, లేదా పొడవాటి జుట్టును మెడ దగ్గర వదులుగా అల్లుకోవాలి. అల్లిక మరీ బిగుతుగా ఉంటే అంచులోని కుట్ల వరుసలు బయటపడతాయి.

అపోహ: పైన టోపీ పెట్టుకుంటే సరిపోతుంది.

వాస్తవం: వెడల్పు అంచున్న టోపీని గాలి లేపితే అది విగ్గును కూడా వెంట తీసుకుపోతుంది. దానికి బదులు మెత్తని నూలు స్కార్ఫును ముందు అంచు మీదుగా, చెవుల వెనుక నుంచి తెచ్చి మెడ దగ్గర ముడి వేసుకుంటే గాలి దూరే మూడు చోట్లూ ఒకేసారి మూసుకుంటాయి. పట్టు, శాటిన్ స్కార్ఫులు జారతాయి. హెల్మెట్ ఉన్నంతసేపూ విగ్గుకు గాలి భయం ఉండదు, దాన్ని తీసేటప్పుడే జాగ్రత్త కావాలి. ఒక చేతి వేళ్లను హెల్మెట్ లోపలికి పోనిచ్చి నుదుటి అంచును నొక్కి పట్టి, రెండో చేత్తో హెల్మెట్‌ను వెనుకవైపు నుంచి మెల్లగా ఎత్తాలి.

అపోహ: నిలుస్తుందో లేదో బయటికి వెళితే గాని తెలియదు.

వాస్తవం: ఇంట్లోనే తెలుసుకోవచ్చు. టేబుల్ ఫ్యాన్‌ను పూర్తి వేగంతో పెట్టి ముందు నుంచి, రెండు పక్కల నుంచి, చివరగా వెనుక నుంచి గాలి తగిలేలా నిలబడండి. వెనుక నుంచి తగిలేటప్పుడు తల వంచండి, ఎందుకంటే మెడ అంచుకు అదే అసలు పరీక్ష. ప్రతిసారీ వేలితో అంచులు తడిమి చూసుకోండి. బయట ఉన్నప్పుడు ఉన్నట్టుండి విసురుగాలి వస్తే అరచేతిని నడినెత్తిన పెట్టి అదమకండి. అలా అదిమితే విగ్గు పక్కకు జారవచ్చు. రెండు చేతుల వేళ్లనూ కణతల దగ్గరికి తెచ్చి, చెవుల ముందున్న ముక్కలను నొక్కి పట్టి గాలి తగ్గేవరకు గడ్డం కాస్త దించండి. చూసేవారికి మీరు ముఖం మీద పడిన జుట్టును వెనక్కి తోసుకుంటున్నట్టే కనిపిస్తుంది.