ఊపిరి లెక్కపెట్టే నిమిషం

రద్దీగా ఉన్న వార్డులో కేస్ షీట్లు తిరగేయండి. బీపీ, నాడి, జ్వరం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. శ్వాస దగ్గరికి వచ్చేసరికి మాత్రం వరసగా 18, 20, 18, 20. అంతమందీ కూడబలుక్కుని ఊపిరి పీలుస్తారా? బీపీకి మిషన్ ఉంది. శ్వాసను మాత్రం ఛాతీ వైపే చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాలి. సిస్టర్ దగ్గర లేనిదే ఆ నిమిషం.

ఆపరేషన్ అయిన మనిషికి ఇన్ఫెక్షన్ ఒంట్లోకి పాకుతుంటే, చాలాసార్లు బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. అది కనిపెట్టి డాక్టరుకు ఫోన్ చేయాల్సింది నర్సే. కాంప్లికేషన్ రావడం చాలావరకు రోగి వయసు, జబ్బు మీద ఉంటుంది. వచ్చాక బతికించుకోవడం మాత్రం ఆసుపత్రి చేతిలో పని.

దీన్ని లెక్కల్లో చూపించినావిడ లిండా ఐకెన్. స్వయంగా నర్సు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులు, 2.32 లక్షల మంది సర్జరీ రోగుల వివరాలతో ఆమె బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. నర్సుకు ఒక్క రోగి పెరిగితే, నెలలోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువ. అంటే నూటికి అదనంగా ఏడుగురు పోతారని కాదు. అక్కడ మొత్తం మరణాలే నూటికి రెండు. ఆ రెండు మీద పెరుగుదల ఇది. అయినా నలుగురిని చూసే నర్సుకు ఎనిమిది మందిని అప్పగిస్తే అది 31 శాతానికి చేరుతుంది.

డబ్బున్న ఆసుపత్రుల్లోనే నర్సులు ఎక్కువ ఉంటారేమో, ఫలితం డబ్బుదేమో? న్యాయమైన అనుమానమే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రులకు మాత్రం పగలు నలుగురికి, రాత్రి ఏడుగురికి ఒక నర్సు ఉండాలని నిబంధన పెట్టింది. మిగతావాటితో పోలిస్తే అక్కడ మరణాల తీరు మెరుగుపడింది. రోగులు త్వరగా ఇళ్ళకు వెళ్ళడంతో, కొత్త నర్సుల జీతాల కంటే మిగిలిన డబ్బే ఎక్కువని లెక్క తేలింది.

మన దగ్గర సగం కాపలా మంచం పక్క స్టూలు మీద కూర్చున్న కొడుకుదో కోడలిదో. "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని పరిగెత్తేది వాళ్ళే. సీసా ఖాళీ అయితే ఎవరికైనా కనబడుతుంది. రాత్రి రెండింటికి నాన్న గబగబా ఊపిరి తీస్తుంటే మాత్రం, అలసిపోయారు పాపం అనుకుని ఆ కొడుకు దుప్పటి సర్దుతాడు.