ఆస్టన్ కాంట్లో చర్చి రిపేరు ఖర్చు పొలం యజమాని మీద ఎందుకు పడింది?

ఇంగ్లాండ్‌లో షేక్స్‌పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్‌కి దగ్గర్లోనే ఉంటుంది ఆస్టన్ కాంట్లో పల్లె. షేక్స్‌పియర్ అమ్మానాన్నల పెళ్లి 1557 ప్రాంతంలో ఇక్కడి చర్చిలోనే జరిగిందని చెప్పుకుంటారు, రికార్డయితే లేదు. ఇలాంటి కథల్ని కాస్త అనుమానంగానే వినాలి. ఎందుకంటే పక్కనే విల్మ్‌కోట్‌లో ఆయన తల్లి పుట్టిల్లని ఏళ్ల తరబడి టూరిస్టులకు చూపించిన ఇల్లు నిజానికి పొరుగువాళ్లదని 2000లో తేలింది.

లాయర్లకు మాత్రం ఈ ఊరు ఒక రిపేరు బిల్లు వల్ల గుర్తు.

పాత ఆచారం ప్రకారం చర్చిలో జనం కూర్చునే భాగం బాగోగులు ఊరివాళ్లవి. బలిపీఠం ఉండే తూర్పు భాగం, అంటే చాన్సెల్, రెక్టర్, అంటే ఆ చర్చి ఆదాయం మీద హక్కున్న పాస్టరు, చూసుకోవాలి, పంటలో దశమభాగం ఆయనకే వచ్చేది కాబట్టి. చాలా ఊళ్లలో ఈ హక్కు మఠాల చేతిలో ఉండేది. 1530ల్లో ఎనిమిదో హెన్రీ మఠాలను మూసేయించి ఆస్తులు అమ్ముకునేసరికి దశమభాగాలు చర్చితో సంబంధం లేని భూస్వాములకు చేరాయి, రిపేరు బాధ్యతా వాటితోపాటే వెళ్లింది. ఆస్టన్ కాంట్లోలో 1743లో ఉమ్మడి పొలాలను విడగొట్టి పంచినప్పుడు దశమభాగానికి బదులుగా లార్డ్ బ్రూక్‌కి భూమి ఇచ్చారు. మాన్యం అనుభవించేవాడు గుడి పని చేయాలన్నట్టు, ఇక ఆ భూమి ఎవరు కొన్నా చాన్సెల్ వాళ్ల నెత్తిన పడినట్టే.

1990ల్లో ఆ భూమి ఉన్న దంపతులకు ఊరి చర్చి కమిటీ రిపేరు ఖర్చు కట్టమని నోటీసు పంపింది. షరతు దస్తావేజుల్లో ఉన్న మాట నిజమే, కానీ ఇంత బిల్లు వస్తుందని ఎవరనుకుంటారు? 2001లో అప్పీల్ కోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది, 2003లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని కొట్టేసింది. చివరికి రిపేరుకే లక్షా 86 వేల పౌండ్లు దాటింది, కోర్టు ఖర్చులు అదనం. పొలం అమ్మేయాల్సి వచ్చింది.

చర్చివాళ్లనే విలన్లని చేయడం తేలికే, కానీ 1932 చట్టం ప్రకారం వసూలు చేయాల్సింది వాళ్లే. ఈ గొడవతో దేశమంతా ఇళ్లు కొనేవాళ్లకు టెన్షన్ పట్టుకుంది, దీనికోసమే ఇన్సూరెన్స్ పాలసీలు కూడా వచ్చాయి. 2013 అక్టోబర్ 13 లోపు భూమి రిజిస్టర్‌లో ఎక్కించని బాధ్యత, ఆ తర్వాత డబ్బిచ్చి కొన్నవాళ్ల మీద పడదని గడువు పెట్టారు. అలా కొనకుండా వారసత్వంగా తీసుకున్నవాళ్లకు మాత్రం ఈ రక్షణ లేదు.